తేయాకు కథయు స్వరాజ్య కథయు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధమును గూర్చి పాఠశాలలలో బాలురకు చెప్పుచుండు కథ యొకటి కలదు. ఇంగ్లండు పార్లమెంటు తేయాకుపై పౌనుకు మూడు పెన్నీల పన్ను విధించెననియు, దానికి కోపించిన బోస్టను పట్టణవాసులు మాఱువేషములతో ఓడలెక్కి తేయాకు పెట్టెలను సముద్రమున పాఱవైచిరనియు, అంతట యుద్ధము వచ్చి పదుమూడు వలసరాజ్యములును స్వతంత్రములయ్యెననియు ఆ కథ. పరీక్షయందు మార్కులు సంపాదించుటకు ఈ కథ చాలును. ఒక జాతి పరాధీనతనుండి యెట్లు విముక్తి నొందునో తెలిసికొన గోరువారికి మాత్రము చాలదు. చాలకపోవుటయే కాదు, చెఱుపు కూడ చేయును. ఏలయన, మూడు పెన్నీలకై యుద్ధము చేసినవారు లోభులుగనో మూర్ఖులుగనో యుండవలెను. ఒక రాత్రి యల్లరివలన సామ్రాజ్యము కూలినదన్నచో, అల్లరియే స్వాతంత్ర్యమునకు రాజమార్గము కావలెను. ఈ రెండును అసత్యములు. మొదటి యసత్యము పాలకులకు ప్రియమైనది. రెండవది తొందరపాటుగల దేశభక్తులకు ప్రియమైనది. రెండింటిని ఖండించుటయే నేటి మా యుద్దేశము.

మేము చెప్పదలచిన మాట యొక్కటియే. అలజడి యెంత పెద్దదైనను దానంతటది స్వాతంత్ర్య సంగ్రామము కానేరదు. ప్రజలు తమ వ్యవహారములను తామే నడుపుకొను సభలను, సంఘములను నిర్మించుకొని, పాలకుని యాజ్ఞ చెల్లని చోట తమ మాట చెల్లునట్లు చేసికొన్ననాడే అలజడి స్వరాజ్యముగ మాఱును. తుపాకి ఆ తర్వాత వచ్చును; వచ్చినను అప్పటికే సంపాదింపబడినదానిని కాపాడుటకే వచ్చును. అమెరికా చరిత్రమే దీనికి సాక్ష్యము.

ఆ కలహమునకు మూలము తేయాకు కాదు; అప్పు. 1756 మొదలు 1763 వఱకు ఇంగ్లండు, ఫ్రాన్సులు భూగోళమంతటను సాగించిన సప్తవర్ష సంగ్రామము తెలుగువారికి పరాయిది కాదు. 1758 డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచి సేనను కర్నల్ ఫోర్డు ఓడించుటయు, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను పట్టుకొనుటయు ఆ సంగ్రామములోని ఘట్టములే. మన సర్కారుల నుదుటివ్రాతను మార్చిన యుద్ధమే కెనడానుగూడ ఇంగ్లండు వశము చేసెను. విజయము గొప్పదే, దాని వెనుక వచ్చిన ఋణభారమును గొప్పదే. యుద్ధాంతమునకు ఇంగ్లండు జాతీయ ఋణము ఇంచుమించు రెట్టింపాయెను. దీనికి తోడు, క్రొత్తగా లభించిన భూభాగముల కావలికై అమెరికాలో పదివేల సైన్యము నుంచదలచిరి. ఆ వ్యయములో కొంత భాగమైనను అమెరికావారే భరింపవలెనని లండనులో నిశ్చయించిరి. నిశ్చయించుటకు ముందు అమెరికావారి సమ్మతి నడుగలేదు. అడుగకుండుటయే కలహబీజము.

1765వ సంవత్సరమున రెండు కార్యములు జరిగినవి. మార్చి మాసమున పార్లమెంటు అమెరికాపై స్టాంపుల చట్టమును చేసెను. ఆగస్టు మాసమున మొగలు చక్రవర్తి రెండవ షా ఆలము ఈస్టిండియా కంపెనీకి బెంగాలు దివానీ నొసగెను. మఱుసటి సంవత్సరము నిజాముతో జరిగిన సంధివలన ఉత్తర సర్కారులును కంపెనీ చేతిలో స్థిరపడెను. ఒకే పాలకవర్గము, ఒకే కాలమున, భూగోళమునకు రెండుప్రక్కల పరుల సొమ్ముపై చేయి చాచినది. ఒకచోట ఆ చేయి గట్టిగ పట్టుకొన్నది. మఱియొకచోట పట్టుకొనిన చేతిని ప్రజలు ఎదిరించినది. ఈ భేదమునకు కారణమేమి? అమెరికావారు మనకంటె ధీరులగుటయా? కాదు. వర్జీనియాలో 1619 నుండియు, తక్కిన వలసరాజ్యములలో తర్వాత నొక్కొక్కటిగను, ఎన్నికలవలన నేర్పడిన శాసనసభలుండెను. ఓటుహక్కు ఆస్తిగల పురుషులకే పరిమితమైనను, నూఱేండ్లకు పైగా తమ పన్నులను తమ ప్రతినిధులే నిర్ణయించుట వారి కలవాటయ్యెను. పన్ను వేయు కంపెనీని నిలువరించి లెక్క యడుగదగిన యట్టి సభ బెంగాలులోను లేదు, సర్కారులలోను లేదు. సభ కలవాడు ప్రశ్నించెను. సభ లేనివాడు చెల్లించెను.

స్టాంపుల చట్టమును రచించినవారి తెలివి మెచ్చదగినది! దస్తావేజులకు, వ్యాజ్యపు పత్రములకు, వార్తాపత్రికలకు, పంచాంగములకు, తుదకు పేకముక్కలకు, పాచికలకు గూడ స్టాంపు. వ్రాయనేర్చినవానిని, అచ్చొత్తువానిని, వాదించువానిని ఒక్క దెబ్బతో శత్రువులుగ చేసికొన్న ప్రభుత్వము చరిత్రలో మఱియొకటి యుండునా? బోస్టనులో స్టాంపుల యధికారి బొమ్మను చెట్టున వ్రేలాడదీసిరి. ఆగస్టు 26వ తేది రాత్రి ఉపగవర్నరు హచ్చిన్‌సను గృహమును దోచి ధ్వంసము చేసిరి. ఇది యల్లరి. దీనిని మేము కొనియాడము. దీనివలన చట్టము రద్దు కాలేదు కూడ. అక్టోబరులో తొమ్మిది వలసరాజ్యములనుండి 27 మంది ప్రతినిధులు న్యూయార్కు నగరమున సమావేశమై, తమకు ప్రాతినిధ్యము లేని పార్లమెంటు తమపై పన్ను వేయరాదని తీర్మానించిరి. వర్తకులు ఇంగ్లండు సరకును బహిష్కరించిరి. సరకు అమ్ముడుపోక ఇంగ్లండులోని వర్తకులే పార్లమెంటునకు మొఱపెట్టుకొనిరి. 1766 మార్చిలో చట్టము రద్దాయెను. గృహములు కూల్చుటవలన కాని ఫలము పద్దుపుస్తకములు మూయుటవలన నాయెను.

రద్దుచేయుచు పార్లమెంటు ఏమి చేసెను? సకల విషయములందును అమెరికాను బంధించు శాసనములు చేయుటకు తనకు సంపూర్ణాధికారము కలదని అదే దినమున నింకొక చట్టము నామోదించెను. నాణెము తిరిగి యిచ్చెను, పెట్టె తాళపుచెవిని మాత్రము తనకడ నుంచుకొనెను. అమెరికాలో సామాన్యులు విజయోత్సవములు జరుపుకొనిరి. దూరదృష్టి గలవారు తాళపుచెవిని గూర్చియే యాలోచించిరి.

వారి యాలోచన వ్యర్థము కాలేదు. 1767లో టౌన్‌షెండు అను మంత్రి గాజు, సీసము, కాగితము, రంగులు, తేయాకులపై సుంకములు విధింపజేసెను. మరల బహిష్కారము. ఈ పర్యాయము బహిష్కారము అంగడినుండి ఇంటిలోనికి ప్రవేశించెను. స్త్రీలు కూటములుగ చేరి రాట్నములు త్రిప్పి నూలు వడికిరి. ఇంగ్లండు నేతకు బదులుగ ఇంటనూలు బట్ట గౌరవచిహ్న మాయెను. ఖద్దరు దీక్ష నెఱిగిన తెలుగు గృహములకు దీని యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రభుత్వము దీనికి ప్రత్యుత్తరముగ 1768 అక్టోబరులో బోస్టను నగరమున సైన్యమును దింపెను. పట్టణమునందు సైన్యమునుంచి ప్రజలు ప్రేమింపవలెనని కోరుట యెట్టిదో 1770 మార్చి 5వ తేదిన తేలెను. వీథిలో గుంపునకును సైనికులకును వచ్చిన ఘర్షణలో తుపాకులు ప్రేలి ఐదుగురు మరణించిరి; వారిలో క్రిస్పస్ అట్టక్సు ఆఫ్రికా, అమెరికా ఆదివాసి సంతతులవాడు. ఆ సైనికులపక్షమున న్యాయస్థానమున వాదించినవాడు దేశభక్తపక్షమువాడే యగు జాన్ ఆడమ్సు. ఇరువురిపై మాత్రము లఘునేరము స్థాపింపబడెను, తక్కినవారు విముక్తులైరి. శత్రువునకు సైతము న్యాయము తప్పనీయని ప్రజ పాలించుకొనుటకు తగినదో కాదో పాఠకులే నిర్ణయింతురు గాక.

అదే సంవత్సరమున తేయాకు సుంకము తప్ప తక్కినవి రద్దాయెను. వెంటనే బహిష్కారము సడలెను. వర్తకులు వ్యాపారమునకు తిరిగిరి, కోపము చల్లారెను, మూడేండ్లు పెద్ద కదలిక లేదు. దీనిని గమనింపుడు. అలజడి యొక్కటియే సర్వస్వమైనచో అమెరికా కథ 1770లోనే ముగిసియుండెడిది. సుంకమువలన పుట్టిన కోపము సుంకముతోడనే పోవును. ఆ నిస్తబ్ధకాలమున సామ్యూల్ ఆడమ్సు మొదలగువారు చేసిన పని యేమి? 1772 నవంబరులో బోస్టను పురసభ యొక ఉత్తరప్రత్యుత్తరముల సంఘము నేర్పఱచెను. ప్రజల హక్కులివి, జరిగిన యన్యాయములివి, మీ యభిప్రాయమేమి యని అది గ్రామగ్రామమునకు వ్రాసెను. గ్రామసభలు కూడి, చర్చించి, బదులు వ్రాసెను. 1773 మార్చిలో వర్జీనియా శాసనసభ వలసరాజ్యములన్నిటి నడుమను ఇట్టి సంఘములుండవలెనని ప్రతిపాదించెను. తుపాకిమందు కాదు, సిరా. సేనలు కాదు, తపాలా. ఏ ప్రభుత్వమును దీనిని తిరుగుబాటని పిలువజాలదు. పిలువదగినంత కాలమునకు అది ప్రభుత్వముగనే మాఱిపోయెను.

ఇక తేయాకు. 1773 మే మాసపు చట్టము తేయాకుపై క్రొత్త పన్ను వేయలేదు. పాత మూడు పెన్నీల సుంకమును నిలిపి, ఈస్టిండియా కంపెనీ నేరుగ అమెరికాకు సరకు పంపునట్లు సదుపాయము చేసెను. దానివలన తేయాకు వెల తగ్గెను! తక్కువ వెలకు వచ్చు సరకును సముద్రమున పడవైచినవారు డబ్బుకొఱకు చేసిరని చెప్పువారి గణితశాస్త్రము మాకు బోధపడదు. చవుకగ త్రాగించి హక్కును మ్రింగించుటయే ఆ చట్టము లోని కిటుకు. అమెరికావారు దానిని కనిపెట్టిరి.

ఆ తేయాకు ఎవరిది? చీనాలో పండినది, కంపెనీ కొన్నది. బెంగాలు రాబడి చేజిక్కిన తర్వాత చీనా తేయాకు కొనుగోలునకు కంపెనీకి లభించిన బలములో మన రైతు కష్టార్జితమును చేరియున్నది. 1769-70 సంవత్సరముల కఱవున బెంగాలులో లక్షోపలక్షలు మరణించిరి. కంపెనీ వసూళ్లు మాత్రము ఆగలేదు. అయినను కంపెనీ దివాలా స్థితికి వచ్చి, 1773లో ప్రభుత్వమునుండి 14 లక్షల పౌనుల ఋణము పొందెను. ఆ యేటనే ఇండియాకు రెగ్యులేటింగు చట్టము, అమెరికాకు తేయాకు చట్టము. రెండును ఒకే వ్యాధికి వేసిన రెండు పట్లు. అమెరికావారికి ఈ సంబంధము తెలియకపోలేదు. ఆసియాలో ఈ కంపెనీ చేసిన దుర్నయమును, బెంగాలు క్షామమును ఎత్తిచూపి, ఇట్టివారిని మన తీరమున అడుగిడనీయరాదని పెన్సిల్వేనియా న్యాయవాది జాన్ డికిన్‌సను ఆ సంవత్సరమే వ్రాసెను. బెంగాలు రైతు మరణము ఫిలడెల్ఫియా పౌరునకు హెచ్చరికయైనది. సామ్రాజ్యము ఒక్కటియైనప్పుడు దాని బాధితుల చరిత్రయు నొక్కటియే.

1773 డిసెంబరు 16వ తేది రాత్రి బోస్టను రేవున మూడు ఓడలనుండి 342 పెట్టెల తేయాకు నీటిపాలాయెను. దాని వెల ఇంచుమించు పదివేల పౌనులు. అమెరికాలోనే దీనిని నిరసించినవారు కలరు. నష్టపరిహార మీయవలెనని బెంజమిన్ ఫ్రాంక్లిను అభిప్రాయపడెను. ప్రభుత్వమునకు కొంచెము వివేకమున్నచో, దోషులను వెదకి, పరిహారము పుచ్చుకొని, బోస్టనును తక్కినవారినుండి వేఱుచేసి యుండును. వివేకము సామ్రాజ్యమునకు అలభ్యవస్తువు. ఒక పట్టణముపై కోపమునకు ఒక రాజ్యమును, ఒక రాజ్యముపై కోపమునకు ఒక ఖండమును శిక్షింపబూనెను.

1774లో పుట్టిన శిక్షాచట్టములు నాలుగు. మొదటిది జూను 1వ తేదినుండి బోస్టను రేవును మూసెను. కూలివాడు, కళాసి, వర్తకుడు ఒక్కటిగ పస్తుండిరి. రెండవది మాసచూసెట్సు ప్రభుత్వ చట్టము. ఇదియే కీలకము, పాఠశాల కథయందు ఇదియే కానరాదు. ఈ చట్టమువలన ఆలోచనసభ రాజు నియామకమునకు లోబడెను. జూరీల నెన్నుట షెరీఫు చేతిలో పడెను. గవర్నరు అనుమతి లేనిదే పురసభలు సంవత్సరమున కొక్కసారికంటె నెక్కువ కూడరాదాయెను. మూడవది ప్రభుత్వోద్యోగుల విచారణను వేఱు ప్రాంతమునకు మార్చుటకు వీలొసగెను. నాలుగవది సైనికుల బసను గూర్చినది. పన్ను వేసినప్పుడు గొణిగిన పల్లెటూరి రైతు ఇప్పుడు లేచి నిలువబడెను. ఏలయన, బోస్టను వర్తకుని తేయాకు అతనికి పట్టలేదు. తన యూరి సభ తలుపునకు పడిన తాళము పట్టెను.

ఆ రైతు ఏమి చేసెను? చదువరులారా, లెక్సింగ్టనులో తొలి తుపాకి ప్రేలుటకు ఏడు మాసముల ముందు, 1774 సెప్టెంబరు 6వ తేదిన, వూస్టరు అను పట్టణమున రాజన్యాయస్థానము తెఱువవలసియుండెను. చుట్టుప్రక్కల 37 గ్రామపట్టణములనుండి ఇంచుమించు 4,600 మంది గ్రామసైనికులు వచ్చి, పెద్దవీథికి ఇరుప్రక్కల బారులుతీరి నిలిచిరి. రాజు నియమించిన న్యాయాధిపతులు, అధికారులు టోపీలు చేతబట్టుకొని ఆ బారుల నడుమ నడచుచు, తాము క్రొత్త చట్టముక్రింద ఉద్యోగము చేయమని పదే పదే చదువవలసివచ్చెను. ఒక్క తుపాకి ప్రేలలేదు. ఒక్క ప్రాణము పోలేదు. ఆ సాయంకాలమునకు ఆ జిల్లాలో ఇంగ్లండు ప్రభుత్వము లేదు. మాసచూసెట్సునందు బోస్టను వెలుపల పెక్కుచోట్ల ఇట్లే జరిగెను. అక్టోబరులో ప్రజాప్రతినిధులు గవర్నరుతో నిమిత్తము లేక రాష్ట్రసభగ కూడి, వసూలైన పన్నులను రాజు కోశాధికారికి గాక తాము నియమించిన వానికి చెల్లింపవలసినదని గ్రామములను కోరిరి. విప్లవమనగా ఇదియే. రాజాజ్ఞ కాగితముపై నిలిచెను. ప్రజాజ్ఞ నేలపై నడచెను.

మాసచూసెట్సు ఒంటరి కాలేదు. దక్షిణపు కొననున్న కారొలైనా బోస్టను పేదలకు బియ్యము పంపెను. ఇతరులు ధాన్యమును, గొఱ్ఱెలను పంపిరి. సెప్టెంబరు 5వ తేదిన ఫిలడెల్ఫియాలో పండ్రెండు వలసరాజ్యముల కాంగ్రెసు కూడెను. అది స్వాతంత్ర్యము కోరలేదు. రాజునకు మహజరు పంపుచునే, ఇంగ్లండు సరకు బహిష్కరింపవలెనని అక్టోబరు 20వ తేదిన ఒక ఒడంబడికను చేసెను. ఆ ఒడంబడికలోని ప్రాణము సరకుల పట్టికయందు లేదు. ప్రతి జిల్లాయందును, నగరమందును, పట్టణమందును దానిని అమలుచేయుటకు ఓటర్లు సంఘముల నెన్నుకొనవలెనను నిబంధనయందు ఉన్నది. వేలకొలది సామాన్యులు, అంతవఱకు ఏ పదవియు నెఱుగనివారు, ఆ సంఘములలో చేరి లెక్కలు చూచుట, తగవులు తీర్చుట, తీర్మానములు వ్రాయుట నేర్చుకొనిరి. నార్తు కారొలైనాలోని ఈడెంటనులో 51 మంది స్త్రీలు బహిష్కార ప్రతిజ్ఞపై తమ సంతకములు చేసిరి.

ఇచట సత్యము దాచరాదు. ఈ సంఘములు అంతటను ధర్మదేవతలు కావు. భిన్నాభిప్రాయముగలవారి పేళ్లను పత్రికలలో ప్రకటించి వెలివేసిరి. కొన్నిచోట్ల తారుపూసి యీకలంటించి యూరేగించిరి. న్యూయార్కులో రాజభక్త ప్రచురణకర్త రివింగ్టను అచ్చుయంత్రమును 1775 నవంబరులో ధ్వంసము చేసిరి. యుద్ధాంతమునకు ఇంచుమించు అరువదివేల మంది రాజభక్తులు దేశము విడిచిరి. ముద్రాస్వేచ్ఛకై స్టాంపుల చట్టమును ఎదిరించినవారు పరుల ముద్రాశాలను విఱుగగొట్టుట ఆ మహోద్యమమునకు మచ్చయే. స్వరాజ్యశక్తి యెక్కడ పుట్టునో దాని దుర్వినియోగ భయమును అక్కడనే పుట్టును. పక్షపాతము చేత ఈ మచ్చను మఱుగుపఱచువాడు తన కాలమునందు అట్టి మచ్చలకు తోడ్పడును.

1775 ఏప్రిలు 19వ తేదిన ఇంచుమించు 700 మంది ఇంగ్లీషు సైనికులు కాంకర్డులో దాచిన ఆయుధములకై బయలుదేరిరి. లెక్సింగ్టను పచ్చికబయలున ఎనమండుగురు గ్రామసైనికులు కూలిరి. తిరుగుప్రయాణమున చెట్ల చాటునుండి, గోడల చాటునుండి తుపాకులు ప్రేలెను. ఆ దినాంతమునకు ఇంగ్లీషువారు 73 మందియు అమెరికావారు 49 మందియు మరణించిరి. సేనలు వచ్చినది ఎందులకు? పోయిన యధికారమును తిరిగి పట్టుకొనుటకు. రైతులు కాల్చినది ఎందులకు? చేజిక్కినదానిని పోనీకుండుటకు. యుద్ధము విప్లవమునకు ఆరంభము కాదు. దానిని తుడిచివేయ వచ్చినవారికి ప్రజలిచ్చిన బదులు. రక్తము చిందుటకు ముందే విప్లవము ప్రజల మనస్సులలో జరిగిపోయెనని జాన్ ఆడమ్సు వృద్ధాప్యమున చెప్పినమాట ఈ యర్థముననే గ్రాహ్యము. మనస్సులలోనే కాదు, సభలలోను జరిగిపోయెను.

అప్పటికిని తలుపు మూసికొనలేదు. 1775 జులైలో కాంగ్రెసు మూడవ జార్జి రాజునకు కడపటి శాంతి విన్నపము పంపెను. రాజు దానిని స్వీకరింపనే లేదు. ఆగస్టు 23వ తేదిన వలసరాజ్యములు తిరుగబడినవని ప్రకటించెను. డిసెంబరులో అమెరికా వ్యాపారము నంతటిని నిషేధించి, దాని ఓడలను శత్రువుల ఓడలుగ పట్టుకొనవచ్చునని పార్లమెంటు శాసించెను. జర్మను సంస్థానములనుండి సైనికులను అద్దెకు కుదుర్చుకొనెను. తండ్రివంటి రాజని నమ్మినవారిపై కూలిసేనను తోలిన తర్వాత పితృభక్తి యెట్లు నిలుచును? 1776 జనవరిలో థామసు పెయిను చిన్నపుస్తకము రాజరికము నామమునే ప్రశ్నించినప్పుడు, జనులు ఆశ్చర్యపడలేదు. తమ మనస్సులోని మాటను పరుని నోట వినినట్లు సంతోషించిరి. జులై 4వ తేది ప్రకటనకు ముందే జిల్లాలు, పట్టణములు, రాష్ట్రసభలు స్వాతంత్ర్యమును కోరుచు ఇంచుమించు తొంబది తీర్మానములు చేసియుండెను. కాంగ్రెసు ప్రజలను నడిపెనా, ప్రజలు కాంగ్రెసును నడిపిరా? రెండవదే సత్యమునకు సమీపము.

ఆ స్వాతంత్ర్యము ఫ్రాన్సు దానమని ఆక్షేపించువారు కలరు. ఫ్రెంచి సహాయము లేనిదే జయము దుర్లభమే. 1781లో యార్కుటౌను ముట్టడియందు ఫ్రెంచి సైనికులు అమెరికా సైనికులతో ఇంచుమించు సమసంఖ్యాకులు, సముద్రద్వారమును మూసినది ఫ్రెంచి నౌకాబలము. ఐనను ఫ్రాన్సు ఎప్పుడు వచ్చెను? 1777 అక్టోబరులో సారటోగాకడ ఇంగ్లీషు సేన యొకటి లొంగిన తర్వాత, 1778 ఫిబ్రవరిలో. సంధి చేసికొనుటకు అవతల ఒక రాజ్యముండవలెను. అల్లరిగుంపుతో ఏ రాజును సంధి చేసికొనడు. ఆ సంవత్సరమే లండను ప్రభుత్వము స్వాతంత్ర్యము తప్ప కోరినవన్నియు ఇత్తుమని రాయబారులను పంపెను. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకొన్నట్లాయెను. 1774లో ఇచ్చిన కృతజ్ఞతతో పుచ్చుకొనియుందురు. 1778లో ఇచ్చిన పరిహాసాస్పద మాయెను. పాలకుని రాయితీకి విలువ దాని పరిమాణమునందు లేదు, దాని కాలమునందు కలదు. 1783 సెప్టెంబరు 3వ తేది పారిసు సంధితో ఇంగ్లండు వారి స్వాతంత్ర్యము నంగీకరించెను.

ఆ జయమును పొగడునప్పుడు దానిలోని మహాపరాధమును మఱచుట చరిత్రద్రోహము. మనుష్యులందఱు సమానులని ప్రకటించిన దేశమున ఆనాటి జనులలో ఇంచుమించు ఐదవవంతు బానిసలు. బానిస వ్యాపారమును ఖండించుచు జెఫర్‌సను వ్రాసిన భాగమును కాంగ్రెసు కొట్టివేసెను. తిరుగబడినవారి బానిసలు తన పక్షమున చేరినచో విముక్తులని వర్జీనియా గవర్నరు డన్‌మోరు 1775 నవంబరులో ప్రకటింపగా, స్వేచ్ఛకొఱకు రాజపక్షమునకు పాఱిపోయినవారు కలరు. వారిని దేశద్రోహులందుమా? 1779లో అమెరికా సేనయే ఇరొక్వాయి ఆదివాసుల పల్లెలను, పంటలను తగులబెట్టెను. 1783 సంధిలో వారి మాటయే లేదు. దాస్యవిమోచనకు 1865 వఱకు, ఆదివాసుల పౌరసత్వమునకు 1924 వఱకు వేచియుండవలసివచ్చెను. 1907లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి తన తొలి గ్రంథముగ అబ్రహాము లింకను చరిత్రమును తెలుగున ప్రకటించినప్పుడు, మన పెద్దలు అమెరికా కథలో వాషింగ్టనుకంటె ముందు లింకనును మనకు చూపుట యాదృచ్ఛికమైనను అర్థవంతము. సభలో చోటు లేనివానికి స్వాతంత్ర్యము రాలేదు. మేము మొదట చెప్పిన సూత్రమునకు ఇది విషాదకరమైన రుజువు.

మఱియొక రుజువు మన దేశముననే కలదు. యార్కుటౌనులో ఏడువేలకు పైబడిన సేనతో లొంగిపోయినవాడు లార్డు కారన్‌వాలిసు; ఆ దినమున వ్యాధి మిషతో తాను రాక, కత్తిని మఱియొకనిచే పంపెను. అయిదేండ్లు తిరుగకమునుపే, 1786లో, అతడే గవర్నరు జనరలై కలకత్తాలో దిగెను. 1793లో బెంగాలునందు శాశ్వతపు బందోబస్తు నెలకొల్పెను. ఉన్నతోద్యోగములనుండి భారతీయులను తొలగించెను. ఆ బందోబస్తే 1802 మొదలు ఉత్తర సర్కారులకు వచ్చి జమీందారీగ మన రైతు మెడపై కూర్చుండెను. సభలుగల ప్రజచేత ఓడినవాడు సభలు లేని ప్రజపై గెలిచెను. మనుష్యుడు మాఱలేదు, సామ్రాజ్యము మాఱలేదు. ఎదుట నిలిచిన ప్రజాసంస్థలే వేఱు. మనకు అట్టి సంస్థలు నిర్మించుకొనుటకు నూఱేండ్లకు పైబట్టెను. నిర్మించుకొన్న పిదప 1947 వచ్చెను.

కావున అలజడిని చూచి భయపడు పాలకులకును, అలజడినే పూజించు యువకులకును మేము చెప్పునది యిది. అలజడి రోగచిహ్నము, చికిత్స కాదు. దానిని లాఠీతో అణచువాడు రోగిని కొట్టి జ్వరము కుదుర్చ జూచును. దానినే జయమనుకొనువాడు జ్వరమును బలమని భ్రమపడును. వూస్టరు వీథిలో నిలిచిన 4,600 మందికి బలము చేతిలోని ఆయుధమువలన రాలేదు. ఏండ్ల తరబడి తమ యూరి బాటను, బడిని, పన్నును తామే చర్చించి తీర్మానించిన యలవాటువలన వచ్చెను.

ఆ యలవాటు మనకు కలదా? 2018లో ఆంధ్రప్రదేశమునందును, 2024లో తెలంగాణమునందును గ్రామపంచాయతీల గడువు ముగిసి, ఎన్నికలు సకాలమున జరుగక, ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు ఎన్ని గ్రామములు కలతపడెను? చట్టముచేత ఊరిసభ మూయబడెనని మాసచూసెట్సు రైతు రాజును ధిక్కరించెను. ఉపేక్షచేత మూయబడిన సభను మనము గమనింపనైనను లేదు. పరాయి రాజు వేసిన తాళము కనబడును, ప్రజలే వదలివేసిన తలుపు కనబడదు. స్వాతంత్ర్యమును పోగొట్టుకొనుటకు యుద్ధము అవసరము లేదు. ఊరిసభకు పోవుట మానిన చాలును.